ముప్ఫయ్యొకటో చుక్క

గుణుపురంలో, విత్తనాల గోదాం పైగదిలో
నలభై మూడు రకాల చోళ్ళని ఒక్క కాగితం మీదికి దించాను.
పదకొండు కొలతలు: మొక్క ఎత్తు, పిలకలు, కంకి వేలి పొడవు,
వెయ్యి గింజల బరువు, పూతకొచ్చిన రోజు, ఇంకా ఏవో.
అడ్డగీతా నిలువుగీతా, వాటి మధ్య నలభై మూడు చుక్కలు,
నడిమి నుంచి గొడుగు ఊచల్లా పదకొండు బాణాలు.

చదవడం వచ్చనే అనుకున్నాను.
పక్కపక్కనే పోయే బాణాలు ఒక మాట మీద ఉన్నవి.
ఎదురెదురు పోయేవి, ఒకటి పెరిగితే రెండోది తగ్గేవి.
మూలమట్టంగా నిలబడ్డవి, ఒకదాని ఊసు ఒకదానికి పట్టనివి.
పొట్టి బాణాన్ని పట్టించుకోనక్కర్లేదు.

మొదటిరోజు ఎత్తుని మిల్లీమీటర్లలోనే వదిలేస్తే
బొమ్మంతా ఎత్తే ఆక్రమించింది,
పెళ్ళిపందిట్లో గొంతున్న మేనమామలా.
సరిచేశాను.
మర్నాడు అదే లెక్క ఇంకో కంప్యూటర్లో వేస్తే
కుడి ఎడమయింది. బెహరా సారు కంగారుపడ్డారు.
ఏం లేదు సార్,
వంశధారని నిన్న ఈ గట్టు నుంచి చూశాం, ఇవాళ ఆ గట్టు నుంచి.
నీళ్ళు ఎటు పోవాలో అటే పోతున్నాయి.

ముప్ఫయ్యొకటి సరిగ్గా నడిమధ్యన పడింది.
పక్కన పెన్సిల్‌తో రాశాను:
సాధారణం. ప్రత్యేకత లేదు.

ఆ మధ్యాహ్నమే సుంబారి రైతా వచ్చింది
పుట్టసింగి జీపులో కొండ దిగి,
విత్తనం పోసిచ్చిన సొరబుర్ర తిరిగి పట్టుకెళ్ళడానికి.
"నాదేది?" అంది, సవరా ఒడియా తెలుగూ కలిసిన మాటతో.
చూపించాను. చాలాసేపు చూసింది.
"అందరి మధ్యా కూచోబెట్టేవు.
ఇది ఎవరితోనూ కలవదే."
బుర్ర చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం కరెంటు పోయింది.
కొవ్వొత్తి ముందు ముప్ఫయ్యొకటో కంకిని ఊరికే తిప్పుతున్నాను.
గోడ మీద నీడ,
పక్కనుంచి, అయిదు వేళ్ళు విప్పిన చెయ్యి.
మొనవైపు నుంచి,
ఒట్టి చుక్క.

కరెంటొచ్చాక రెండో పేజీ తిప్పాను, మొదటే తిప్పాల్సింది.
ఈ రెండు గీతలూ చెప్పింది నూటికి యాభై ఎనిమిది.
ఏ చుక్కని ఎంత నమ్మొచ్చో ఒక వరసలో ఉంది.
ముప్ఫయ్యొకటికి ఎదురుగా: సున్నా పాయింటు సున్నా నాలుగు.

రెండో గీత తీసి మూడోది పెట్టాను.
గుంపులోంచి లేచి
కాగితం అంచుదాకా ఒంటరిగా నడిచిపోయింది అది,
నేను పొట్టిదని వదిలేసిన బాణం వెంట:
కోత ఆలస్యమైనా రాలని గింజ.
ఆ బాణం ఇప్పుడు అన్నిటికన్నా పొడుగు.

రాసింది చెరిపాను. పెన్సిల్ నొక్కు మాత్రం పోలేదు.
దాని మీదే రాశాను:
ఇటునుంచి కనబడదు.

ఇంకా ఎనిమిది గీతలున్నాయి.
వాటి మీద ఎవరెక్కడ నిలబడ్డారో
చూడలేదు.