బస్తాకు ఎంత

బాదేపల్లి మార్కెట్ గేటుకు ఎదురుంగ
జిరాక్స్ షాపు మీది రూముల
మూడు నెలలు కూసొని కట్టిన యాప్.
పేరు హమాలీ లెక్క.
ఎవరు ఎన్ని బస్తాలు మోసిన్రో
పొద్దుగూకేసరికి పైసతో సహా చెప్తది.

ధర కాడ ఆగిపోయిన.
నెలకు తొంభై తొమ్మిది అని రాసి చెరిపిన.
ఒక్కసారికే నాలుగొందలు, అదీ చెరిపిన.
ఫ్రీ అని రాస్తే
రూము కిరాయి యాదికొచ్చింది.

పల్లికాయ సీజను. కిందికి దిగిన.
కాంటా మీద బస్తా పడంగనే
దడువాయి "నలభై ఒకటీ" అని కేకేసిండు.
ఆ ఒక్క కేకకు
మునీం పుస్తకంల అంకె పడ్డది,
ఈదమ్మ సూది బస్తా మూతిల దిగింది,
మాసయ్య నడుం వంగింది.
కేకేసినోడు ఎవ్వరి దిక్కూ చూడలే.
ఎవరు విన్నరో వానికి పనిలేదు.
నాలుగు రాత్రులు నన్ను ఏడిపించిన
అబ్జర్వర్ ప్యాటర్న్
ఈడ ఎండల నిలవడి
రుమాలుతో మెడ తుడుచుకుంటున్నది.

"మాసన్నా, నెలకు ఎంతిస్తరు?"
బీడి ఆర్పి చెవి మీద పెట్టుకున్నడు.
"నెలకంటే?
వాన పడి యార్డు బందైన దినాలకు గూడనా?
మాకైతే బస్తాకు ఇస్తరు.
మోస్తే పైస, మోయకుంటే లేదు.
నీ దాంట్ల నువ్వు మోసేదేంది?"

ఏం చెప్పాల్నో తెల్వలే.
సర్వర్ అందామనుకున్న. నోరు రాలే.

"కొట్లాట" అన్నది ఈదమ్మ
దారం పంటితో తెంపుకుంట.
"రోజు మాపటికి మీరు పడే కొట్లాట
ఆ పిల్ల ఫోనుల మోస్తున్నది గదా.
అదేమన్న అల్కగుంటదా? ఇయ్యుండ్రి."

ఆ రాత్రి వంద బస్తాలకు రూపాయి అని రాసిన.
యార్డు బందుంటే సున్న.
సేటు లాగిన్ అయితే లెక్క వేరే.
దర్వాజ ఒకటే, వచ్చినోన్ని బట్టి ధర.
స్ట్రాటజీ అంటరు దాన్ని.
సేటు ఏమంటడో రేపు తెలుస్తది.

మొదటి దినం పదమూడు వందల నలభై బస్తాలు.
పదమూడు రూపాయలు ఫోన్‌పే చేసిండు మాసయ్య.
మిగిలిన నలభై పైసల కింద
దోసిలి నిండ పచ్చి పల్లికాయ పోసిండు.
దానికి నా టేబుల్‌ల ఖానా లేదు.

పొట్టు కీబోర్డు సందులల్ల పడుతున్నది.
సేటు ధర కాడ
ఇంకా కర్సర్ కొట్టుకుంటనే ఉన్నది.