సెంట్రింగ్

వర్తూరులో మూడో అంతస్తు నుంచి పడ్డాక
కుడిచెయ్యి నాతోనే ఆసుపత్రికి వచ్చింది గానీ
నా మాట వినడం మానేసింది.
తాపీ అన్న మాట కూడా
నెల రోజులు నోటికి అందలేదు.

మంగళవారం, శుక్రవారం
చైత్ర మేడం నా కళ్లకు ఆ నల్ల పెట్టె కడుతుంది.
లోపల హొసూరు రోడ్డు కనబడదు.
ఫినాయిల్ వాసన మాత్రం వెంట వస్తుంది.
ఒక తోట.
చీనీలో నారింజలో తేల్చుకోలేని పండ్లు.
కోసి బుట్టలో వెయ్యాలి.

అక్కడ నాకో చెయ్యి ఇచ్చారు.
కొత్త టైలులా నున్నటిది.
సిమెంటు తిన్న పగుళ్లు లేవు,
ఇటుక కింద నలిగి నల్లబడిన గోరు లేదు.
"ఇదెవరిది మేడం?"
"నిమ్దే" అంది.

బయట నా చెయ్యి బెత్తెడు లేస్తే
లోపల అది మూరెడు లేస్తుంది.
పండు తెగుతుంది, గంట మోగుతుంది.
ముప్పై ఏళ్లు టేపు పట్టినవాణ్ణి,
బెత్తెకీ మూరకీ తేడా తెలీదా?

పెట్టె తీయించి అడిగేశాను.
ఆమె నవ్వలేదు. వచ్చీరాని తెలుగులో చెప్పింది:
"సగం మిషన్ లేపుతుంది, సగం మీరు.
దాని వాటా మెల్లగా తగ్గిస్తాం.
ఎప్పుడో మీకు చెప్పం."

చెప్పం అన్నచోట ఆగిపోయాను.

స్లాబుకు మేమూ చెప్పం.
పోసిన రాత్రి దానికేం తెలుసు
తన బరువంతా సరుగుడు కర్రలు మోస్తున్నాయని?
మట్టి గట్లు కట్టి నీళ్లు నిలిపి
ఇరవై ఒక్క రోజులు ఆగి
ఒక పొద్దున ఒక్కో పోటూ తట్టి తీస్తాం.
అప్పుడు కింద నిలబడ్డవాడి గుండె
ఎక్కడుంటుందో
కాంట్రాక్టరుకు తెలీదు.

నా కింద నిలబడేది ఓబుళమ్మ.
సద్ది సంచి ఒళ్లో పెట్టుకుని
గోడవార కూర్చుని నా మోచేతినే చూస్తుంటుంది.
ఆమెకు తోట కనబడదు.
ఉత్త గాలిలో మొగుడు వణకడం కనబడుతుంది.
బస్సెక్కాక అడుగుతుంది:
"ఎన్ని కోసినావు?"
"పద్నాలుగు."
"ఒకటన్నా తెచ్చినావా?"

నిన్న గంట సరిగా మోగలేదు.
ఏడే కోశాను. మూడు జారిపోయాయి.
భుజం సలుపు, చంకలో చెమట.
"నిధాన, నిధాన" అంటోంది మేడం.
మా భాషలో ఆ మాటా
నా పనిముట్టు పేరూ ఒకటేనమ్మా.
"తాపీ" అన్నాను పైకి.
ఆమెకు అర్థం కాలేదు.

గాజుల చప్పుడైంది.
ఓబుళమ్మ లేచి నిలబడినట్టుంది.

ఎవరో
ఒక పోటు తీసినట్టున్నారు.