చన్నీళ్ళు

పెంజాన్స్ ఆసుపత్రి లాండ్రీలో
ముప్పై ఒక్క ఏళ్ళు దుప్పట్లు ఉతికిన మోర్వెన్నా ట్రెగియర్
రిటైరయ్యాక చేసిన మొదటి పని
ఒక పాత డిటెక్టివ్‌తో తగువు పెట్టుకోవడం.

ఆయన పేరు ఆంబ్రోస్ థాక్‌వెల్.
వెండి పిడి చేతికర్ర, బూడిదరంగు చేతి తొడుగులు,
ఇరవై రెండు నవలలు, ఒక్క ఓటమీ లేదు.
బూటు బురద చూసి ఊరు చెబుతాడు,
దగ్గు విని వృత్తి చెబుతాడు.
తలుపు తీసిన పనిపిల్లకి మాత్రం
ఇరవై రెండు పుస్తకాల్లోనూ పేరు లేదు.

పద్నాలుగో నవల, తొమ్మిదో అధ్యాయం.
హతుడి తమ్ముడి చొక్కా దీపానికి ఎదురుగా పట్టుకుని
"మరక లేదు. కనక నిర్దోషి" అన్నాడు థాక్‌వెల్.
గదిలో మగవాళ్ళంతా తలలూపారు.
మోర్వెన్నా టీ కప్పు కింద పెట్టి
మార్జిన్లో పెన్సిల్‌తో గీకింది:
"చన్నీళ్ళు. ఉప్పు. ఉతికిందెవరో అడగవయ్యా!"

వేడినీళ్ళు పోస్తే
నెత్తురు బట్టని కరుచుకుంటుంది, చచ్చినా వదలదు.
పన్నెండో ఏట, గడియ వేసిన తలుపు వెనక,
ఎవరికీ చెప్పొద్దన్న అమ్మ గుసగుసలో
సగం లోకం నేర్చుకునే రసాయన శాస్త్రం అది.

ఆ పెన్సిల్ గీకుడే నాలుగు వందల పేజీలయింది.
టైపు చేసిపెట్టింది నేనే,
ఆమె వేళ్ళు ఇప్పుడు సరిగా వంగవు.
పేరులేని పనిపిల్ల కెజయా అయింది.
కాలర్ మడత విప్పి అబద్ధం చదువుతుంది,
గంజి వాసనతో వారం చెబుతుంది.
తీగ లాగితే డొంకంతా కదలడం మనకి తెలిసిందే,
కెజయా లాగింది బట్టలారేసే తీగ.
తప్పుకున్న దుప్పటి వెనక
పుట్టి బుద్ధెరిగి గుడ్డ పిండని చిన్న దొరసాని,
ఉప్పునీళ్ళకి పగిలిన వేళ్ళతో.

లండన్ నుంచి సంపాదకుడి ఉత్తరం:
"ఇదంతా ఆమెకెలా తెలుసు?
ఎక్కడో చదువుకున్నట్టు ఒక పేరా కలపండి."
మోర్వెన్నా జవాబు ఒకటే వాక్యం:
"మీ ఇంట్లో ఆడవాళ్ళని అడగండి."
మూడు రోజులకి కార్డు వచ్చింది:
"మా అక్కని అడిగాను. పేరా అక్కర్లేదు."

థాక్‌వెల్‌ని చంపెయ్యమన్నాను నేను.
ఆమె ఒప్పుకోలేదు.
పెండీన్ తగరపు గనిలో షిఫ్టు దిగి
గోళ్ళలో ఎర్రమట్టితోనే
నాన్న పైకి చదివి వినిపించిన మనిషట.
నాన్నతోపాటు ఒకసారి పోయాడు, చాలు అంది.

అందుకని చివరి పేజీలో ఆయన ఉన్నాడు.
చేతికర్ర గోడకి ఆనించి,
తొడుగులు విప్పి జేబులో కుక్కుకుని,
కెజయా వెనక బకెట్ మోసుకొచ్చి
జనవరి నీళ్ళలో మణికట్ల దాకా చేతులు ముంచాడు.
"ఇంత చల్లగా ఉంటాయా!" అన్నాడు.

కెజయా ఏమీ అనలేదు.
ఇంకో దుప్పటి అందించింది.