కిలోల్లెక్కన ఇసక

ఇసకని పడవల్లెక్కన అమ్ముతాం,
బండ్ల లెక్కన అమ్ముతాం,
మరీ లేనోళ్ళయితే గంపల్లెక్కన.
కిలోల్లెక్కన కొన్నవాణ్ణి
నా జన్మలో ఒక్కణ్ణే చూశాను.

జైలు వార్డరు, జక్కంశెట్టి పేరయ్య.
ధవళేశ్వరం రేవులోకి, మాఘమాసం చలిలో,
సైకిలు కేరేజీకి ఖాళీ గోనె కట్టుకుని వచ్చాడు.
"గవ్వ ఉండకూడదు, రాయి ఉండకూడదు,
తడి అసలే ఉండకూడదు.
తొంభై మూడు కిలోలు. తూచి ఇయ్యి."
ఎందుకండి అంటే పూలకుండీలకన్నాడు.
బంతిమొక్కకి ఇసక తూచి పోస్తారా అని
నేననలేదు.
సర్కారు మనిషి. రొక్కం బేరం.

మునిగి తెచ్చిన ఇసక కదండి,
ఆరాలంటే రెండెండలు కావాలి.
పాత తెరచాప పరిచి ఆరబోశాను.
మా మంగాయమ్మ జల్లెడ పట్టింది,
అరిసెల పిండి జల్లించినట్టు.
ఉప్పుకొట్టు కాటా అడిగి తెచ్చి
తూచి, మూతి కుట్టి ఇచ్చాను.

నాలుగోనాడు గోనెతో మళ్ళీ దిగాడు.
"మూడు కిలోలు తియ్యి."
ఏమైందండి?
చుట్ట ముట్టించుకుని, నీళ్ళకేసి చూస్తూ
"మనిషి రెండు కిలోలు తగ్గాడు" అన్నాడు.

అప్పుడు తెలిసింది
మేం జల్లించింది ఎవర్నో.

ఇక దాచలేదు పేరయ్య.
మనిషికి ఒకటిన్నర రెట్లు ఇసకంట.
ముందు గోనె దిగాలంట,
తాడు ఓర్చుకుంటుందో లేదో చూడాలంట.
బరువు తగ్గితే లోతు పెంచాలంట.
తెల్లదొరల నాటి పట్టీ ఒకటుందంట, అట్ట ఊడిపోయి;
పౌన్లు కొట్టేసి పక్కన కిలోలు రాశారంట,
అడుగులు మాత్రం అడుగులుగానే ఉంచేశారంట.
"మా తాత చేతిరాత కూడా ఉంది అందులో"
అన్నాడు, ఆ ఒక్క మాట దగ్గర
కొంచెం గర్వంగా.

మర్నాడు మళ్ళీ సైకిలు బెల్లు.
"కిలోన్నర కలుపు.
వాళ్ళమ్మ వచ్చెళ్ళింది. అప్పట్నుంచీ
మారన్నం అడుగుతున్నాడు."

వాడేం చేశాడో నాకు తెలుసు. రేవంతా తెలుసు.
దాళవా రోజుల్లో, వంతు నీళ్ళ కాడ,
తూము తలుపు మీద మాటామాటా పెరిగి
పార ఎత్తాడు.
అన్నదమ్ములిద్దరు. చిన్నోడికి పందొమ్మిది.
తెల్లారేదాకా ఆ నీళ్ళు
ఎవరి చేలోకి పారాయో
ఎవరూ చూసుకోలేదు.

పెద్దోడి పెళ్ళాం ఆదెమ్మ
లంకలో పొగాకు పనికి నా పడవే ఎక్కేది.
మనసు చల్లబడుతుందేమోనని
ఇసక సంగతి చెప్పాను,
మూడు తియ్యడం, ఒకటిన్నర కలపడం.
నవ్వలేదు. ఏడవలేదు.
కొంగు చివర ముడి విప్పి, మళ్ళీ వేసి,
"మా ఆయన బరువెంతో
నాకిప్పటికీ తెలీదు" అంది.
అవతలొడ్డు దాకా ఇక గెడ చప్పుడే.

ఆ రోజు నేనేం చూళ్ళేదండి.
గోడకి ఇవతలోడికి ఏం కనపడుద్ది?
కనపడిందల్లా గోనె.
మధ్యాన్నం పేరయ్య తెచ్చి పడేశాడు.
మెడ దగ్గర...
గోనెకి మెడేంటి నా మొహం,
మూతి దగ్గర తాడు ఒరిసిన జాడ.
"ఏట్లో పోసెయ్. డబ్బు వాపసక్కర్లేదు."
పట్టీలో ఏం రాశారని నేనడగలేదు.
చుట్ట వెలిగించుకోడానికి
నాలుగు పుల్లలు గీశాడు.

పోశాను.
తొంభై ఒకటిన్నర కిలోలు
ఎంతసేపు పోస్తామండి?
నీళ్ళలో ముందు పొగలా లేచింది,
ఆపైన ఏరు తేటపడిపోయింది.

రెండ్రోజులు పడవ కట్టేశాను.
మూడోనాడు అక్కడే మునిగాను,
మంచి ఇసక పడేది అక్కడే మరి.
ఆలమూరు మేస్త్రి ఒకడు
గుప్పిట్లోకి తీసుకుని, వేళ్ళ సందున జారవిడిచి,
"సన్నంగా ఉంది, గోడ పూతకి బావుంటుంది,
ఎంత?" అన్నాడు.

పడవ లెక్కే చెప్పాను.