ఎదురచ్చు

ఏలూరు రోడ్డు పాత పుస్తకాల కొట్లో
తడిసి ఆరిన అట్లాసుకీ, పంచాంగాల కట్టకీ మధ్య
దొరికిందీ కాగితం.
జపాను వాళ్ల చెక్క అచ్చు.
కొట్టువాడు నూటయాభై అన్నాడు, ఎనభైకిచ్చాడు.

బొమ్మలో రష్యా సేనాపతి.
గుమ్మడికాయ పొట్ట, చీపురుకట్ట గడ్డం,
ఒక బూటు ఊడి మంచులో ఉండిపోయింది.
చేపంత ఓడొకటి వెనకనుంచి
అతని లాగు పట్టుకు కొరుకుతోంది.
నవ్వొచ్చింది, నవ్వాను.
తర్వాత ఆ బూటు లేని కాలు చూశాను.
మేజోడుకి చిరుగు,
చిరుగులోంచి బొటనవేలు,
దానికో గోరు.
గోటి దాకా చెక్కమని ఎవరు చెప్పారు వీడికి?

మా తాత నరసరాజు కొండపల్లి మనిషి.
పొణికి కర్రలోంచి ఏనుగుల్నీ అంబారీల్నీ తీసినవాడు.
నలభై రెండులో, విశాఖ మీద బాంబులు పడ్డ వారం
బెజవాడ ప్రెస్సువాళ్లు పిలిచి
చేతిలో టేకు పలక పెట్టి
"జపానోణ్ణి చెక్కు, చూస్తే జనం ఉమ్మెయ్యాలి" అన్నారు.
మూరెడు పలక. మూడు రూపాయలు.

జపానోణ్ణి తాతెక్కడ చూశాడు గనక?
కాలవగట్టున గోలీసోడా కొట్టే కోటిలింగాన్ని చూశాడు.
ఎత్తుపళ్లు, చిన్న కళ్లు,
ఎవరో పారేస్తే పెట్టుకున్న గుండ్రటి కళ్లజోడు.
అరువు సోడా తాగుతూ తాగుతూ
మొహమంతా కంటితోనే కొలుచుకున్నాడు.

అచ్చుపలక మీద లోకమంతా ఎదురే.
కుడిచెంప మచ్చ ఎడమకి చెక్కాలి,
అక్షరాలు వెనక్కి నడవాలి.
పళ్లు మాత్రం ఎటు తిప్పినా పళ్లే.

గోడలకెక్కిన రోజు
మొదట నవ్వింది కోటిలింగమే.
"భలే దింపావు రాజూ" అని
ఆ పూట సోడా అరువులో రాసుకోలేదు.
మూడోనాడు పిల్లకాయలు "జపాన్, జపాన్" అంటూ
బండి వెంటపడ్డారు.
వారం తిరిగేసరికి రాళ్లు.
సీసాలు పగిలి గోలీలు దొర్లితే
ఏరుకుని అక్కడే ఆడుకున్నారు.
తెనాలి పోయాడని ఒకరు, కాదు చీరాలని ఒకరు.
ఆ యుద్ధంలో మా పేటలో దెబ్బ తిన్నవాడు
నాకు తెలిసి అతనొక్కడే.

పలకని మా నాయనమ్మ
మాగాయ జాడీకి మూత చేసింది.
తాత అటు వీపు పెట్టి అన్నం తినేవాడు.
నూనె ఇంకింది, కారం ఇంకింది,
పళ్ల సందుల్లో సిరా మాత్రం పోలేదు.

ఎనభై రూపాయల కాగితాన్ని
లైటు కిందికి జరిపి మళ్లీ చూస్తున్నాను.
టోక్యోలో ఏ సందు మొగలో
ఏ లావుపాటి చేపలవాడు
చిరిగిన మేజోడుతో తిరిగేవాడో,
ఎవరికి ఏం అరువిచ్చాడో.