గల్లీకంతా ఒకటే నంబరు

నా దుకాణం నారాయణగూడలో.
నా అక్షరాలు మాత్రం వారాసిగూడలో, ఇంట్లో,
పదిహేనేళ్ల నాటి డబ్బాలో.
శుభలేఖలకి నేను వాడే పాత ఫాంటు
దాని వెనకాల గుచ్చిన చిటికెనవేలంత తాళం ఉంటేనే తెరుచుకుంటుంది.
ఆ కంపెనీ మూతపడింది. ఇంకో తాళం చేసిచ్చేవాళ్లు లేరు.

అందుకని ఇంటికీ దుకాణానికీ మధ్య
ఒక సొరంగం తవ్వుదామని కూర్చున్నాను.
పేరుకి వీపీఎన్.
పని మాత్రం బోరు వేయించినట్టే,
ఎన్ని అడుగులకి పడుతుందో చెప్పేవాడు లేడు.

మొదటి రాత్రి తాళంచెవులు తారుమారు:
దాని దగ్గర ఉండాల్సింది నాకు, నాది దానికి ఇచ్చుకున్నాను.
రెండో రాత్రంతా ఫైర్‌వాల్‌తో సరి.
మూడో రాత్రి ఫోన్లో నొక్కితే కలిసింది!
ఎగిరి గంతేశాక చూసుకున్నాను,
ఫోను ఇంటి వైఫై మీదే ఉంది.
మా వంటింట్లోంచి మా ముందుగదిలోకి పోవడానికి
అంత సొరంగం తవ్వానన్నమాట.

వైఫై తీసేసి మేడెక్కి మళ్లీ నొక్కాను.
పంపినవి నూట నలభై ఎనిమిది బైట్లు.
వచ్చినవి సున్నా.
ఐదు సెకన్లకోసారి పాపం చెయ్యి చాపుతూనే ఉంది,
పట్టుకునే చెయ్యి లేదు.

రౌటర్నడిగితే నా అడ్రసు వందతో మొదలంది.
బయటి లోకాన్నడిగితే నూట ఆరుతో అంది.
ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదని తెలియడానికి
ఇంకో నాలుగు రోజులు.

కేబుల్ ఇల్యాస్ నిచ్చెన దిగకుండానే నవ్వాడు.
"అక్కా, గల్లీ మొత్తానికి ఒకటే నంబరు.
మీరు బయటికి పోవచ్చు, మీ ఇంటికి ఎవ్వరు రాలేరు.
వచ్చినా ఏ ఇంటికని రావాలె?"

అంటే ఇన్నాళ్లూ
మిషను కుట్టే షాహిదా, గ్రూప్స్‌కి చదివే పై గది పిల్లలు,
రాత్రంతా క్రికెట్ చూసే వాచ్‌మన్ మల్లేశు, నేనూ,
లోకం లెక్కలో ఒక్కరమే.
నువ్వు మనిషివేనా, బస్సులున్న గళ్లు చూపించు అని
నన్ను అన్నిసార్లు ఎందుకు అడిగేదో ఇప్పుడర్థమైంది.
ఒక్క మనిషి
ఒకేసారి జాకెట్టు మెడలూ, రాజ్యాంగ సవరణలూ, స్కోరూ
వెతుకుతుంటే ఎవరికైనా అనుమానం రాదూ.

సొంత నంబరుకి నెలకి రెండు వందల యాభై. కట్టాను.
మర్నాడు దుకాణంలో నొక్కితే
వచ్చినవి తొంభై రెండు.
సున్నా కాదు, తొంభై రెండు!
నా కేకకి కౌంటరు దగ్గర పెళ్లికూతురి మేనమామ
ముహూర్తం వేళ తప్పు పడిందనుకుని హడలిపోయాడు.

నాలుగింటికి మళ్లీ సున్నా.
నంబరుంది, తాళంచెవి ఉంది, గోడలో కంత ఉంది.
ఆటో ఎక్కి ఇంటికొస్తే మా అత్త అంది,
"మనుషులు లేని రూంల గా లైటు ఎందుకని బంద్ చేసిన."

ఏమీ అనలేదు. స్విచ్చి వేశాను.

పొద్దున నారాయణగూడలో కూర్చునే కొట్టి
వారాసిగూడ ప్రింటరుకి పంపాను.
మనుషులు లేని గదిలో
కాగితం దానంతటదే బయటికి పాకి ఉంటుంది,
చుట్టూ మామిడాకుల అంచుతో, పెళ్లిపిలుపు అక్షరాల్లో:
అత్తమ్మ గారికి నమస్కరించి వ్రాయునది,
ఈ స్విచ్చి ఆపవలదు.

పది నిమిషాలకి ఫోను.
"అద్దాలు కనవడ్తలెవ్వు గని,
ఎవరి పెండ్లే ఇది? ఎన్నడు?"