తొమ్మిది తాళంచెవులు

మే రెండో వారం.
సైమా సరస్సు మీద మంచు
రాత్రికి రాత్రి చెప్పకుండా వెళ్లిపోయింది.
నా నడుముకి తొమ్మిది తాళంచెవులు,
తొమ్మిదీ నావి కాని ఇళ్లవి.

వేసవి ఇల్లు కట్టుకోవడం ఒక ఎత్తు,
తొమ్మిది నెలలు మనిషి అలికిడి లేకుండా
దాన్ని నిలబెట్టడం ఒక ఎత్తు.
ఖాళీ ఇంట్లో చలి కాపురం పెడుతుంది.
ఎలుకలు పరుపు చించి పురుడు పోసుకుంటాయి.
గోడదుంగల్లో నల్లచీమలు
రంపం లేకుండానే పొట్టు రాలుస్తాయి.

మొదటి ఇల్లు ఆల్‌రోస్ వకీలుది.
పోయేముందు పంపులో నీళ్లు దించమని
చీటీ రాసి కుళాయికే కట్టాను.
చీటీ భద్రంగా ఉంది.
నీళ్లే లోపల గడ్డకట్టి
ఇనుమును బఠానీ కాయలా చీల్చి
కరిగి, తమ దారిన పోయాయి.
నీరు పల్లమెరుగుతుంది, నిజమే.
గడ్డకట్టిన నీరు మాత్రం దేన్నీ ఎరగదు,
ఉన్నచోటే ఒళ్లు విరుచుకుంటుంది.

రెండోది బాగానే ఉంది. చెప్పడానికేం లేదు.

మూడోది అక్కాచెల్లెళ్లది.
జూలై అక్కది, ఆగస్టు చెల్లెలిది,
ఒకరికొకరు మాటల్లేవు.
తలుపు పైన రాసుకుంటోంది, చిత్రిక పట్టు, అంది అక్క.
కింద రాసుకుంటోంది, కింద పట్టు, అంది చెల్లెలు.
ఇద్దరి మాటా వింటే తలుపు మిగలదు.
తప్పు తలుపుది కాదు,
ఈశాన్యపు మూలరాయిని
నేలలోంచి మంచు బొటనవేలంత పైకి నెట్టింది.
అది ఇద్దరికీ చెప్పాను, విడివిడిగా.

తరవాత లప్పం, తారు, కప్పు మీద నాచు,
సౌనాలో పగిలిన రాళ్లు,
మంచు లాక్కుపోయిన పడవల వంతెన,
గోళ్లలో వారం దాకా వదలని అవిసెనూనె.

తొమ్మిదో ఇల్లు ఉల్యాస్‌ది.
హెల్సింకీలో ముప్పై ఏళ్లు ట్రాము నడిపాడు,
పట్టాల మీద అంత తిన్నగా పోయిన మనిషి
రంపం పట్టి ఒక్క గీత తిన్నగా కోయలేదు.
మరలుండాల్సిన చోట మేకులు,
మేకులుండాల్సిన చోట తాడు.
కారే కప్పుకి పాత కారు నంబరు పలక.
మార్చిలో పోయాడు.
కూతురు కైసు ఫోన్ చేసింది,
అమ్మేస్తున్నాం, గురువారం పరీక్షకుడొస్తాడు,
అన్నీ సరిచెయ్యి రైలీ, నాన్న చేసినవన్నీ తీసెయ్యి.

పొగగొట్టంలో బీటలిచ్చిన ఇటుకలు మార్చాను.
అది నిప్పు, దానితో మొహమాటం పనికిరాదు.
తరవాత వరండా.
మూలస్తంభం కింద బల్లపరుపు రాయి,
రాయి మీద సగం పెంకు,
పెంకు మీద, నవ్వొచ్చింది,
మంచు హాకీ ఆడే నల్ల రబ్బరు బిళ్ల.

జాకీ పెట్టి లేపాను.
బిళ్ల తీసి గడ్డిలోకి విసిరాను.
కాంక్రీటు దిమ్మె కూర్చోబెట్టి
రసమట్టం ఆనించి చూస్తే
బుడగ సరిగ్గా నడిమధ్య నిలిచింది.
నా పనికి నేనే మురిసిపోయాను.

అప్పుడు వంటగది కిటికీ బిగుసుకుంది.
ముందుతలుపు, ఒక్క వేలితో తెరుచుకునేది,
భుజం ఆనించినా కదల్లేదు.
లోపలెక్కడో అల్మరా తనంతట తానే తెరుచుకుంది.
కప్పు నుంచి గడప దాకా
ముప్పై ఏళ్లుగా ఒక వంకరకి ఇంకో వంకర
ఒదిగి ఒదిగి కుదురుకున్న ఇల్లది.
నేనొచ్చి ఒక్క కాలు తిన్నగా పెట్టాను,
మిగతా ఒళ్లంతా మూలిగింది.

గడ్డిలో మోకాళ్ల మీద వెతికాను.
దోమలు అప్పటికే మొదలయ్యాయి.
బిళ్ల దొరకడానికి చాలాసేపు పట్టింది.
తడి తుడిచి, దిమ్మె తీసి,
రాయి, పెంకు, బిళ్ల,
అదే వరసలో, అదే ముఖం పైకి.
జాకీ దించాను.
ముందుతలుపు ఒక్క వేలికి లొంగింది.

గురువారం వచ్చేవాడు
ఏం రాసుకుంటాడో రాసుకోనీ.
కైసుకి పంపాల్సిన లెక్కలో
పొగగొట్టానికి ఇటుకలు పద్నాలుగు, సున్నం, ఒక పూట కూలి రాశాను.
దాని కింద ఇంకో వరస:
వరండా స్తంభం. చూశాను.
ఉన్నది ఉన్నట్టే ఉంచాను.
నాలుగు గంటలు.